మా బడి ల్యాబ్‌లో ఇంటర్నెట్ ఫిల్టర్: నాలుగేళ్లకు పైగా పై-హోల్ వాడాక

కరోనా తర్వాత 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచేనాటికి మా పిల్లల్లో చాలామంది ఇంట్లో ఫోన్లు పట్టుకుని పాఠాలు విని వచ్చినవాళ్లే. ల్యాబ్‌లోని 22 కంప్యూటర్లకు నెట్ ఇవ్వడానికి మేనేజ్‌మెంట్ భయపడింది. ఫిల్టర్ పెడితేనే ఇస్తామన్నారు. అప్పుడు పెట్టిన పై-హోల్ ఇప్పటికీ నడుస్తోంది. కంప్యూటర్ టీచర్‌గా దాన్ని రోజూ చూసుకునేది నేనే కాబట్టి, ఇన్నాళ్లలో నాకు తెలిసింది రాస్తున్నాను.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద దీన్ని వేశాను. సాఫ్ట్‌వేర్ ఉచితం. మనం ఒక సైటు పేరు కొట్టగానే కంప్యూటర్ ముందుగా ఆ పేరుకు అడ్రస్ ఏమిటని డీఎన్ఎస్‌ను, అంటే సైటు పేర్లకు అడ్రస్‌లు చెప్పే సేవను, అడుగుతుంది. మా ల్యాబ్‌లో ఆ ప్రశ్న ఈ బోర్డుకు వస్తుంది. ఆపాల్సిన జాబితాలో ఆ పేరు ఉంటే అసలు అడ్రస్ ఇవ్వదు, పేజీ తెరుచుకోదు. మిగతావాటిని క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వాళ్ల 1.1.1.3 అనే డీఎన్ఎస్ సేవకు పంపుతాను. కుటుంబాల కోసం 2020లో వచ్చిన ఆ సేవ అశ్లీల సైట్లనూ వైరస్ సైట్లనూ ఆపుతుంది. వెతికినప్పుడు అశ్లీల ఫలితాలను దాచే గూగుల్ సేఫ్‌సెర్చ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా కూడా మా బోర్డులోనే పెట్టుకోవచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చింది ప్రకటనలు పోవడం. ఆరో తరగతి పిల్లలు బొమ్మలు వెతుకుతూ, పచ్చరంగులో పెద్దగా కనిపించే డౌన్‌లోడ్ బటన్ నొక్కి ఎక్కడికో వెళ్లిపోయేవాళ్లు. సార్ తిడతారేమోనని మానిటర్ ఆపేసి కూర్చునేవాళ్లు. అది దాదాపు పోయింది. తెలియక తప్పు చోటికి వెళ్లే పిల్లల విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను. యూట్యూబ్ వీడియోల్లో వచ్చే ప్రకటనలు మాత్రం దీనితో ఆగవు.

తెలిసి వెళ్లాలనుకునే పిల్లల సంగతి వేరు. మొదటి ఏడాదే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్ చేశాడు. దాంతో అడ్రస్ కోసం అడిగే ప్రశ్న మా బోర్డుకు రాకుండా నేరుగా బయటికి వెళ్లిపోయింది. అన్ని కంప్యూటర్లలోనూ ఆ సెట్టింగ్ మార్చకుండా తాళం వేశాను. తర్వాత ఇంకొకరు చార్జింగ్ పెడుతున్నట్టు ఫోన్‌ను కంప్యూటర్‌కు గుచ్చి, యూఎస్‌బీ టెథరింగ్‌తో సొంత నెట్ వాడుకున్నారు. దాన్ని ఈ ఫిల్టర్ ఆపలేదు. ఇక గూగుల్ సైట్స్‌లో ఎవరెవరో పెట్టిన ఆటల పేజీలు ఉంటాయి. డీఎన్ఎస్‌కు సైటు పేరే తప్ప లోపల ఏ పేజీ తెరిచారో తెలియదు. ఆ పేరును ఆపితే మా సైన్స్ ఫెయిర్ పేజీ కూడా పోతుంది. ఆపలేదు.

నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. బెట్టింగ్ సైట్లంటే నాకు చాలా భయం, మా ఊళ్లో క్రికెట్ పందేల్లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. అందుకని పేరులో ఎక్కడైనా 'బెట్' అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు వరసగా ఉంటే ఆపేయమని ఒక నియమం రాశాను. నవంబరు 14 బాలల దినోత్సవమే కాదు, ప్రపంచ మధుమేహ దినం కూడా. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల నానమ్మకు షుగర్ ఉందని ఆ ప్రాజెక్ట్ తీసుకుంది. డయాబెటిస్ స్పెల్లింగ్‌లో ఆ మూడు అక్షరాలూ ఉన్నాయి. పేరులో ఆ మాట ఉన్న మంచి సైటు ఒక్కటీ తెరుచుకోలేదు. తాను చూడకూడనిదేదో వెతికానేమోనని ఆ పిల్ల రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ నియమం తీసేసి, బెట్టింగ్ సైట్ల పేర్లతో ఉన్న జాబితా తెచ్చి పెట్టాను.

ఆ తర్వాతే ల్యాబ్ తలుపు పక్కన ఒక నోటుపుస్తకం కట్టాను. ఏ సైటు కావాలో, ఎందుకో రాస్తే చాలు, పేరు రాయక్కర్లేదు. మర్నాటికల్లా తెరుస్తాను, లేదా ఎందుకు తెరవలేదో అక్కడే రాస్తాను. 2024 డిసెంబరులో గుకేశ్ చెస్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు, అదే నెలలో మన కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఆ రోజుల్లో పుస్తకంలో రెండు పేజీల నిండా 'సార్, చెస్ తెరవండి' అనే ఉంది. ఆటల జాబితాలో ఇరుక్కున్న చెస్ సైట్లు అది చూసిన రోజే తెరిచాను. దొంగదారులు అసలు లేవని చెప్పను కానీ, పుస్తకం వచ్చాక నా కంటబడేవి బాగా తగ్గాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి లాగ్. ఏ కంప్యూటర్ ఏ సైటు పేరు అడిగిందో ఇందులో నిమిషాలతో సహా ఉంటుంది. ఏ సీటులో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. అంటే పిల్లల మనసులో ఏముందో కొంత నాకు కనిపిస్తున్నట్టే. ఒక నాన్నగారు వచ్చి, మావాడు ఏం చూస్తున్నాడో ప్రింట్ తీసి ఇవ్వమన్నారు. ఇవ్వలేదు, వాడితోనే మాట్లాడమని చెప్పి పంపాను. లాగ్ ఏడు రోజులు దాటి ఉండకుండా సెట్ చేశాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. బడులు ఈ విషయం పట్టించుకోవాలి.

పెట్టాలనుకునేవాళ్లు యూపీఎస్ తప్పకుండా కొనండి. రెండో ఏడాది కరెంటు పోయి వచ్చేసరికి బోర్డులోని మెమరీ కార్డు పాడైంది. అన్ని కంప్యూటర్లూ ఆ బోర్డునే అడుగుతాయి కాబట్టి ఆఫీసుతో సహా నెట్ మొత్తం ఆగింది. సరిగ్గా పదో తరగతి హాల్ టికెట్లు తీసే రోజు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఇప్పుడు టెలిపోర్టర్ అనే ఆప్షన్‌తో సెట్టింగులన్నీ నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటున్నాను, ఆఫీసు కంప్యూటర్‌ను విడిగా పెట్టాను.

నెట్‌వర్క్ పని కొద్దిగా తెలిసి, వారానికి ఒక గంట కేటాయించగల టీచర్ ఉంటే చిన్న బడికి ఇది సరిపోతుంది. అలాంటివాళ్లు లేకపోతే పెట్టకండి, ఏదైనా ఆగినప్పుడు తెరిచేవాళ్లు ఉండరు.

ఈ వారం పుస్తకంలో మూడు ఉన్నాయి. నక్షత్రాల సైటు తెరిచాను. కార్ల ఆట ఒకటి భోజన విరామంలో ఇద్దామా అని హెచ్ఎం మేడమ్‌ను అడిగాను. మూడోదాని అక్షరాలు తెలియడం లేదు, సోమవారం ల్యాబ్‌లో అడగాలి.