పెట్టె మీది నంబరుకు ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు?

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాది మోటార్ వైండింగ్ షాపు. రోజుకు పన్నెండు సిగరెట్లు. బోరు మోటార్లు వరసపెట్టి కాలిపోయే ఎండాకాలంలో పదహారు. ఇరవై రెండేళ్ళ లెక్క ఇది.

సిగరెట్ పెట్టె మీద ఆ భయంకరమైన బొమ్మతో పాటు 1800-11-2356 అని, మానాలనుకునేవాళ్ళకు సాయం చేసే ఒక నంబరు ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి అచ్చేస్తున్నారు. అన్నేళ్ళూ నా చొక్కా జేబులోనే ఉంది గానీ, దానికి చేస్తే ఎవరో ఒకరు ఎత్తుతారని నాకెప్పుడూ అనిపించలేదు. రూల్ ఉంది కాబట్టి వేశారులే అనుకునేవాణ్ణి.

మొన్న మాఘమాసంలో మూడోసారి మానేసి, తొమ్మిదో రోజున మళ్ళీ అంటించాను. ఆ కోపంలో ఒక ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి ఫోన్ కొట్టాను. తెలుగు కావాలన్నాను. ఒకమ్మాయి, "చెప్పండి సార్" అంది. ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ 2016లో మొదలుపెట్టిన లైనట ఇది. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లోనూ దీని కేంద్రం ఒకటుంది. కాల్‌కి డబ్బులు పడవు.

క్యాన్సర్ అనీ, పిల్లలున్నారనీ క్లాసు పీకుతుందని కాచుకుని కూర్చున్నాను. అదేమీ లేదు. "పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది కాలుస్తారు?" అంది.

"టీ తాగాక."

"టీ ఎప్పుడు తాగుతారు?"

"లేవగానే."

నవ్వింది. లేచిన అరగంట లోపే మొదలుపెట్టేవాళ్ళకు అలవాటు గట్టిగా పట్టుకున్నట్టు లెక్కట.

సిగరెట్ బదులు నమిలే నికోటిన్ గమ్ కూడా వాడానండీ, పనిచెయ్యలేదు అన్నాను. "ఎలా నమిలారు?" అనడిగింది. నోటితోనే కదండీ అన్నాను. నా తప్పంతా అక్కడే బయటపడింది. మెడికల్ షాపులో స్ట్రిప్పు చేతిలో పెట్టి డబ్బులు తీసుకున్నాడే తప్ప ఒక్క ముక్క చెప్పలేదు. నేనేమో బబుల్ గమ్‌లా కసకసా నమిలి, గొంతు మండి, ఎక్కిళ్ళు పట్టుకుని ఉమ్మేసేవాణ్ణి. పైగా టీ తాగుతూ నమిలేవాణ్ణి. టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పావుగంట దాకా నోట్లో వేసుకోకూడదట, మందు పట్టదట. మెల్లగా నాలుగైదు సార్లు నమలాలి. మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపేసి, బుగ్గకూ చిగురుకూ మధ్య దోపుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ రెండు నములు. అలా ఒక్క బిళ్ళ అరగంట రావాలి. చీటీ లేకుండా దొరికేది రెండు మిల్లీగ్రాములది. అది చాలకపోతే నాలుగుది డాక్టరు రాయాలి. నాకు డాక్టరు నాలుగే రాశాడు.

మానే తేదీ నన్నే పెట్టుకోమంది. సోమవారం, శివుడి పేరు చెప్పుకుని మొదలెడతానన్నాను. "సోమవారం వద్దు సార్, మాకు సెలవు" అంది. మిగతా రోజుల్లో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటారు. సరే, గురువారం.

మూడో రోజు నరకం. ఐదు హెచ్‌పీ మోటారు ఒకటి చుడుతూ ముప్పై ఎనిమిదో చుట్టు దగ్గర లెక్క తప్పాను. మొత్తం విప్పి మళ్ళీ మొదలెట్టాను, మళ్ళీ తప్పింది. కుర్రాడి మీద అరిచాను. అప్పుడే ఒక సంగతి గమనించాను. ఆ గుంజుడు వచ్చాక ఒక్క కాయిల్ పూర్తయ్యేసరికి దానంతటదే వదిలేస్తోంది. కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే పోతుంది, నీళ్ళు తాగండి, చేతికి పని పెట్టండి అని ఆ అమ్మాయి చెప్పిన మాట అప్పటికి గానీ బుర్రకెక్కలేదు.

అసలు ఈ సర్వీసుకు నేను మార్కులు వేసేది వేరే దానికి. వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తారు. నేను మొదటిసారి ఫోన్ చేయడం గొప్పేం కాదు, కోపంలో ఎవడైనా చేస్తాడు. మూడో వారంలో టంగుటూరు పక్కన మా చిన్నాన్న వాళ్ళ పొగాకు బ్యారన్ (ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రి కాపలాకు వెళ్ళాను. చిన్నప్పుడు అక్కడే కర్రలకు పచ్చాకు అల్లేవాళ్ళం. చేతుల నిండా నల్లటి బంక పట్టి, సబ్బుకు కూడా పోయేది కాదు. ఆ మగ్గిన ఆకు వాసన, చలి, పక్కన తమ్ముడు. "ఒక్కటి లాగన్నా" అన్నాడు. లాగాను.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. మర్నాడు మళ్ళీ వచ్చింది, పరీక్ష తప్పిన పిల్లాడిలా ఎత్తి ఉన్నది చెప్పాను. "పెట్టె కొన్నారా సార్?" అంది. లేదన్నాను. "మరి ఒక్కటే కదా. ఎక్కడ కాల్చారో రాసుకోండి, మళ్ళీ అక్కడికెళ్తే గమ్ జేబులో ఉండాలి" అంది. ఇంట్లో మా ఆవిడకు ఇప్పటికీ ఆ రాత్రి సంగతి తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

ముందే చెబుతున్నా, వీళ్ళది మాటసాయమే. మందులు పంపరు, గమ్ మన డబ్బులతోనే కొనుక్కోవాలి. ఫోన్ చేస్తే చాలు మానిపించేస్తారు అనుకునేవాళ్ళకు నిరాశే. గమ్‌కి ఐదుకు మూడు వేస్తాను, వాడే పద్ధతి తెలిస్తేనే. ఫోన్‌కి ఐదుకు ఐదు.

ఇప్పటికి ఐదు నెలలు దాటింది. మా టీ కొట్టాయన మొన్నమొన్నటిదాకా గ్లాసుతో పాటు అలవాటుగా ఒక సిగరెట్ కూడా పెట్టేవాడు. ఇప్పుడు దాని బదులు వేరుశనగ ఉండ పెడుతున్నాడు. నేను అడగలేదు. ఖాతాలో మాత్రం రాస్తున్నాడు.