ఫ్రోనౌ బౌద్ధ గృహం: మెట్లకు అయిదుకు అయిదు, మందిరానికి మూడున్నర

బెర్లిన్ ఉత్తరపు కొసన ఫ్రోనౌ అని ఒక పేట ఉంది. 1910లో తోటల మధ్య ఇళ్ళు కట్టుకునేలా ప్లాను వేసి మొదలుపెట్టింది. అక్కడ ఎడెల్‌హోఫ్‌డామ్ వీధిలో 54వ నంబరు ఇంటికి ఏనుగుల ద్వారం కనిపిస్తుంది. జర్మన్లు దాన్ని 'దస్ బుద్ధిస్టిషె హౌస్' అంటారు, బౌద్ధ గృహం అని. గుడి అనుకుని వెళ్తే నిరాశపడతారు. ఒక డాక్టరు గారి బంగళా, పక్కనే చిన్న ధ్యాన మందిరం అనుకుని వెళ్ళండి, అప్పుడు బాగుంటుంది.

ఆ డాక్టరు పాల్ డాల్కే (1865–1928). హోమియోపతి వైద్యుడు. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వెళ్ళి బౌద్ధం నేర్చుకున్నాడు, పాళీ గ్రంథాలను జర్మన్‌లోకి తెచ్చాడు. వాస్తుశిల్పి మాక్స్ మేయర్‌తో 1924లో ఈ ఇల్లు కట్టించాడు. కాబట్టి ఇది మొదట మఠంగా కట్టింది కాదు, ఉండటానికి కట్టుకున్న ఇల్లు. జర్మన్ బంగళా ఒంటి మీద ఆసియా పైకప్పుల వంపులు పెట్టినట్టుంటుంది. అతుకు తెలుస్తుంది, అయినా ఎబ్బెట్టుగా ఉండదు. డాల్కే పోయాక ఇల్లు తోబుట్టువుల చేతిలోకి వెళ్ళింది. కొలంబోలో 1952లో అశోక వీరరత్న స్థాపించిన జర్మన్ ధర్మదూత సంఘం 1957లో కొన్నది. అప్పటి నుంచి శ్రీలంక భిక్షువులు ఉంటున్నారు.

అసలు విషయం మెట్లు. మొత్తం 73, ఎనిమిది అంచెలుగా ఉంటాయి. బుద్ధుడు చెప్పిన ఎనిమిది భాగాల బాట, అష్టాంగ మార్గానికి గుర్తు: సమ్యక్ దృష్టి దగ్గర మొదలై సమ్యక్ సమాధి దగ్గర ముగుస్తుంది. 73ని ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా రాదు కాబట్టి అన్ని అంచెల్లో మెట్లు సమానం కావు. లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాళ్ళు మధ్యలో తడబడేది ఇక్కడే. ప్రతి అంచె దగ్గరా ఒక్క నిమిషం ఆగి వెనక్కి చూడండి. వీధి ఒక్కో అంచెకి కొంచెం కొంచెం కిందికి జారుతుంది. డాల్కే ఈ ఎక్కుడులోనే చెప్పదలచింది చెప్పేశాడు, లోపలి మందిరం దాని తరవాతి మాటే. ఫోటో కోసం కింద ద్వారం దగ్గరే ఆగిపోయి వెళ్ళేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చూసింది ఏనుగుల్ని మాత్రమే.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకీ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకీ, పిల్లల బండి తోసుకొచ్చేవాళ్ళకీ ఈ మెట్లు కుదరవు. అలాంటివాళ్ళు వెంట ఉంటే వేరే దారి ఏమైనా ఉందేమో ముందే ఫోన్ చేసి అడగండి, ద్వారం దగ్గరికి వచ్చాక కాదు. అక్టోబరు, నవంబరుల్లో రాలిన ఆకులు తడిసి జారుడుగా ఉంటాయి. చలికాలంలో పగలు కరిగిన మంచు రాత్రికి మళ్ళీ గడ్డకట్టి పలచని పొరలా మారుతుంది, పొద్దున్నే ఎక్కేవాళ్ళు పడేది దాని మీదే. మెట్ల సందుల్లోకి దిగిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే రాళ్ళు కదులుతాయి కూడా. అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా ఈ గొడవ లేదు.

మందిరం చిన్నది, నిరాడంబరం. బుద్ధ విగ్రహం ముందు కూర్చుని మౌనంగా ఉండటానికే. గంటలు, హారతులు, క్యూలు ఆశించకండి. చెప్పులు బయటే విప్పాలి. చలికాలంలో నేల చల్లగా తగులుతుంది కాబట్టి మందపాటి మేజోళ్ళు మరవద్దు. విగ్రహం వైపు కాళ్ళు చాపకూడదన్నది మనకి కొత్త కాదు. భిక్షువులకి చేయి చాపకండి, నమస్కారం చాలు. ఆడవాళ్ళు ఏదైనా ఇవ్వాలంటే బల్ల మీద పెట్టడం మర్యాద. ఫోటో తీసే ముందు అడగండి, ధ్యానం జరుగుతుంటే అడగను కూడా అడగకండి.

వేళ గురించి ఒక్క మాట. థేరవాద (శ్రీలంకలో పాటించే బౌద్ధ శాఖ) భిక్షువులు మధ్యాహ్నం దాటాక ఘనాహారం ముట్టరు. భోజనం ఇద్దామనుకుంటే పదకొండు లోపే చేరాలి. పన్నెండున్నరకి పులిహోర గిన్నెతో దిగితే ఎవరికీ ఉపయోగం లేదు. ఆదివారం వెళ్తూ పండ్లు తీసుకెళ్ళాలనుకుంటే శనివారమే కొనేయండి. జర్మనీలో ఆదివారం దాదాపు దుకాణాలన్నీ మూసేస్తారు. తినడానికి మీకేదైనా కావాలంటే స్టేషన్ దగ్గరే చూసుకోండి, ఇది హోటలు కాదు. వైశాఖ పౌర్ణమికి జనం ఎక్కువ, ఏకాంతం కోరేవాళ్ళు ఆ వారం మానుకుని మామూలు పనిరోజున వెళ్ళడం మేలు.

నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం మాట చదివినవాళ్ళకి ఇక్కడ ఒక చిన్న మెరుపు దొరుకుతుంది. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున సింహళ భిక్షువులకి విహారం ఉంది, ఇప్పుడు వాళ్ళ వారసులు ఫ్రోనౌలో ఒక హోమియోపతి డాక్టరు ఇంట్లో ఉంటున్నారు.

దారి తేలిక. ఎస్‌1 లోకల్ రైల్లో నగరం నడుమనున్న ఫ్రీడ్రిష్‌స్ట్రాస్సె స్టేషన్ నుంచి ఫ్రోనౌకి అరగంట. బెర్లిన్ టికెట్లు ఏ, బీ, సీ జోన్ల లెక్కన ఉంటాయి; ఏ-బీ జోన్ల టికెట్టు సరిపోతుంది, తరవాతి స్టేషన్ హోహెన్ నోయెన్‌డోర్ఫ్ నుంచి సీ జోన్. కునుకు తీసి ఫ్రోనౌ దాటిపోతే టికెట్టు చెల్లదు, తనిఖీకి దొరికితే 60 యూరోలు. కాగితం టికెట్టుకి ముద్ర వేయాల్సి ఉంటే ప్లాట్‌ఫారం మీది పెట్టెలో వేసుకునే ఎక్కండి. స్టేషన్ తూర్పు వైపు, అంటే సెల్టింగర్ ప్లాట్స్ వైపు దిగాలి. పడమటి వైపు దిగితే లుడోల్ఫింగర్ ప్లాట్స్ వస్తుంది. రెండు చౌకులూ దగ్గర దగ్గరగా ఒకేలా అనిపిస్తాయి, దారి తప్పేది అక్కడే. తూర్పు చౌకు నుంచి ఎడెల్‌హోఫ్‌డామ్ పట్టుకుంటే నడక పావుగంట లోపే. తిరుగు ప్రయాణంలో రైలెక్కే ముందు బోర్డు చదవండి, ఒరానియెన్‌బుర్గ్ అని ఉంటే అది మిమ్మల్ని ఇంకా ఉత్తరానికి తీసుకుపోతుంది.