రెడ్డిచ్ బోర్డ్‌స్లీ మఠం: గడ్డి కింద చెరువు కట్టలు

ముప్పై ఏళ్ళు నీటిపారుదల శాఖలో చెరువు కట్టల మీద తిరిగినవాణ్ణి. బర్మింగ్‌హామ్‌లో అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు, అల్లుడితో కలిసి రైల్లో రెడ్డిచ్ వెళ్ళి ఈ మఠం శిథిలాలు చూశాను.

12వ శతాబ్దంలో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు కట్టుకున్న మఠమిది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో, 1538లో మూతపడింది. తవ్వకాల్లో బయటపడిన చర్చి పునాదులు, పొట్టి గోడలు మాత్రమే మిగిలాయి. "ఇంతేనా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు. అతన్ని వెంటబెట్టుకుని పక్కనున్న పచ్చిక మైదానంలోకి నడిచాను.

అక్కడ నేల ఊరికే ఎగుడుదిగుడుగా లేదు. పొడవుగా సాగిన ఆ మిట్ట చెరువు కట్ట. దాని వెనుక పల్లం చేపల చెరువు. మాంసం తినకూడదన్న నియమం ఉన్నవాళ్ళకు చేపలే ఆధారం మరి. చిత్తడి లోయలో మఠానికి చోటు చేయడానికి వాళ్ళు ‘ఆరో’ (Arrow) అనే నదినే పక్కకు మళ్ళించారు. ఆ నీటితో మర నడిపి ఇనుప పని చేశారు. దాని చక్రాల చెక్క పళ్ళు తవ్వకాల్లో దొరికాయి. యంత్రాలు లేని రోజుల్లో, పారలతో, తట్టలతో అంత మట్టి ఎత్తిన పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ముందురోజు వాన కురవడంతో పల్లాల్లో నీళ్ళు నిలిచి, పాత చెరువు అంచు గీత గీసినట్టు తేలింది. కట్టకు ఒకచోట చిన్న కోత ఉంది. తూము అక్కడే ఉండేదని నా అంచనా. అరగంట అక్కడే నిలబడిపోయాను.

పక్కనే ఫోర్జ్ మిల్ సూదుల మ్యూజియం. ఒకప్పుడు ప్రపంచంలోని సూదుల్లో చాలా భాగం ఈ రెడ్డిచ్‌లోనే తయారయ్యేవి. సూదులను సబ్బు, గరుకు పొడితో కలిపి గుడ్డలో చుట్టి, నీటి చక్రం బలంతో దొర్లించి మెరుగు పెట్టేవారు. 1730 ప్రాంతంలో మొదలైన ఆ పని 1958 దాకా సాగింది. మా అమ్మ కుట్టుపెట్టెలోని సూదులు ఏ ఊరివో అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు బాధగా ఉంది.

ఎత్తయిన తోరణాలు కావాలనుకునేవారికి ఈ చోటు నచ్చదు. మిగిలినవాళ్ళు ముందు మ్యూజియంలో మఠం నమూనా పటం చూసి, తరువాత మైదానంలోకి వెళ్ళండి. రబ్బరు బూట్లు తప్పనిసరి. సాయంత్రపు ఏటవాలు ఎండలో కట్టల నీడలు స్పష్టంగా పడతాయి, ఆ వేళకు వెళ్ళడం మేలు.