రెండు యూనిట్ల ఆర్సెనల్, ఒక చెయ్యి వింబుల్డన్

మూతపడిన పథకానికి ఇప్పుడు సమీక్ష ఎందుకని మా ఆయన నవ్వుతున్నారు. ఈ మధ్య లండన్‌లో ఉండే తెలుగువాళ్లే ముగ్గురు, వేర్వేరు సందర్భాల్లో, నన్ను ఒకే ప్రశ్న అడిగారు. అభిమానులం తలా కొంత వేసుకుని ఫుట్‌బాల్ క్లబ్బులో షేర్లు కొంటే యాజమాన్యం మన మాట వింటుందా అని. నేను లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను. ఈ విషయంలో రెండు చోట్ల సొంత డబ్బు కట్టి చూశాను. ఒకటి ఆర్సెనల్ ఫ్యాన్‌షేర్, అంటే లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్‌లో అభిమానులు కలిసి షేర్లు కొనే పథకం. మూతపడింది అదే. రెండోది వింబుల్డన్ ఫుట్‌బాల్ జట్టు (టెన్నిస్ కాదు) అభిమానుల డాన్స్ ట్రస్టు సభ్యత్వం. డాన్స్ అంటే నాట్యం కాదు, ఆ జట్టు ముద్దుపేరు. మొదటిదానిలో లాభం వచ్చింది. రెండోదానిలో పైసా రాదు. అయినా నా ఓటు రెండోదానికే. ఎందుకో చెప్తాను.

2010లో మేము హాలొవేలో అద్దెకు ఉండేవాళ్లం. ఆట ఉన్న రోజు పక్కనే ఉన్న ఆర్సెనల్ వాళ్ల ఎమిరేట్స్ స్టేడియం నుంచి వచ్చే అరుపును బట్టి గోలు ఎవరు కొట్టారో వంటింట్లోంచే తెలిసిపోయేది. మా ఆయనకు ఆర్సెనల్ పిచ్చి. నాకు ఆ క్లబ్బు ఆస్తి అప్పుల పట్టీ మీద ఆసక్తి. ఆర్సెనల్ హోల్డింగ్స్ మొత్తం షేర్లు 62,217. అంత పెద్ద క్లబ్బుకు అన్నే షేర్లు కాబట్టి ఒక్కోటి పది వేల పౌండ్లకు అటూ ఇటూ ఉండేది. అంత ధర మామూలు అభిమాని కొనలేడు కదా. ఆ ఏడాది ఆగస్టులో ఆర్సెనల్ అభిమానుల ట్రస్టు ఫ్యాన్‌షేర్ మొదలుపెట్టింది. అందరి దగ్గరా చిన్న మొత్తాలు పోగుచేసి షేర్లు కొంటారు, ఒక్కో షేరును నూరు యూనిట్లుగా పంచుతారు. నేను నెలకు 10 పౌండ్ల చొప్పున రెండున్నరేళ్లు కట్టాను. చేతికి వచ్చినవి రెండు యూనిట్లు, పైన కొంత చిల్లర. అంటే ఆర్సెనల్ క్లబ్బును 31 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నాది.

ఫోనులో ఈ సంగతి విని మా అత్తగారు, "చిట్టీ అన్నమాట. పాట ఎప్పుడమ్మా?" అన్నారు. పాట లేదత్తయ్యా అన్నాను. వడ్డీ లేదు, క్లబ్బు డివిడెండ్ కూడా ఇవ్వదని చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను అబ్బాయికి ఇమ్మన్నారు.

సేవగా చూస్తే ఫ్యాన్‌షేర్‌కు వంక పెట్టడానికి లేదు. క్లబ్బు వార్షిక లెక్కలు చదివే అవకాశం వచ్చింది. సర్వసభ్య సమావేశంలో పెట్టే తీర్మానాల మీద అభిప్రాయం చెప్పే దారి, లాటరీలో పేరు వస్తే వెళ్లి కూర్చునే వీలు ఉండేవి. మర్యాదగా, శుభ్రంగా నడిపారు. చిక్కంతా ఆ మర్యాద కింద ఉన్న లెక్కలో ఉంది. 2011 ఏప్రిల్‌లో అమెరికన్ వ్యాపారి స్టాన్ క్రోంకీ షేరుకు 11,750 పౌండ్ల చొప్పున పెద్ద వాటాదారుల దగ్గర కొని, ఆ ఏడాదిలోనే మూడింట రెండు వంతులకు చేరాడు. మరో 30 శాతం రష్యన్ వ్యాపారి అలీషెర్ ఉస్మానోవ్ చేతిలో ఉండేది. మిగతా అభిమానులందరికీ కలిపి మిగిలింది సుమారు మూడు శాతం. ముప్ఫై శాతం చేతిలో పెట్టుకుని కూడా ఉస్మానోవ్ బోర్డులో కుర్చీ సంపాదించలేకపోయాడు. ఇక నా రెండు యూనిట్లు ఏం తెస్తాయి?

ఒక్కటి మాత్రం తెచ్చాయి. ప్రశ్న అడిగే హక్కు. 2014 లెక్కల్లో, మళ్లీ 2015 లెక్కల్లో, క్రోంకీ సంస్థకు సలహాల పేరుతో 30 లక్షల పౌండ్ల చొప్పున చెల్లించినట్టు కనిపించింది. ఏం సలహాలు, ఎవరికి ఇచ్చారని చిన్న వాటాదారులు సమావేశంలో నిలదీశారు, పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది ఆ పద్దు లేదు. అది మా వల్లేనని రుజువు చేయలేను. కానీ ఇంట్లో ఖర్చుల పుస్తకం ఎవరో ఒకరు చదువుతున్నారని తెలిస్తే ఖర్చు పెట్టేవాళ్ల చెయ్యి కొంచెం వెనకాడుతుంది. నా ఉద్యోగం నేర్పింది అదే.

2017 అక్టోబరులో జరిగిన సర్వసభ్య సమావేశానికి లాటరీలో నా పేరు వచ్చింది. మా ఆయన అసూయతో రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చైర్మన్ సర్ చిప్స్ కెస్విక్‌ను మళ్లీ ఎన్నుకునే తీర్మానం వచ్చింది. అనుకూలంగా కొన్ని చేతులు లేచాయి. వ్యతిరేకంగా ఎవరని అడిగితే హాలు హాలంతా చేతులే. నా ముందు వరుసలో ఒక పెద్దాయన వణుకుతున్న కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని మరీ పైకి ఎత్తాడు. క్రోంకీ కొడుకు జోష్ విషయంలోనూ అదే జరిగింది. చేతుల లెక్కలో ఇద్దరూ ఓడిపోయారు. అప్పుడు షేర్ల లెక్క తీశారు. ఒక్కో షేరుకు ఒక్కో ఓటు. ఇద్దరూ గెలిచారు. హాలులో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. ఆ పెద్దాయన కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఇంటికి వస్తూ రైల్లో నాకు మా నాన్న గుర్తొచ్చారు. అనకాపల్లి వైపు మాకు కొంచెం చెరకు భూమి ఉండేది. సహకార చక్కెర ఫ్యాక్టరీలో నాన్నకు సభ్యత్వం. ఆ షేరు పత్రం ట్రంకు పెట్టెలో, పట్టాదారు పుస్తకం పక్కన, కర్పూరం వాసన వేస్తూ ఉండేది. యాభై ఎకరాల ఆసామికీ ఒక ఓటే, ఎకరన్నర ఉన్న మా నాన్నకూ ఒక ఓటే. ఎన్నికలు వస్తే ఆ ఆసామి మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్లేవాడు. మిగతా ఏడాదంతా మా ఇంటి వైపు చూసేవాడు కాడు. అది వేరే సంగతి. కానీ ఆ ఒక్క వారం మాత్రం అతనికి మా నాన్న కావాలి.

2018 ఆగస్టులో ఉస్మానోవ్ తన వాటా క్రోంకీకి అమ్మేశాడు. ఇక్కడి చట్టంలో ఒక నియమం ఉంది. ఇలా తన దగ్గర లేని షేర్లన్నిటికీ ఒకరు ధర ప్రకటించినప్పుడు వాటిలో 90 శాతం చేతికొస్తే మిగిలినవాళ్ల షేర్లను వాళ్లకు ఇష్టం ఉన్నా లేకపోయినా కొనేసుకోవచ్చు. షేరుకు 29,419 పౌండ్ల పైచిలుకు ఇచ్చారు. నేను పెట్టిన 300 పౌండ్లు రెట్టింపు దాటి వెనక్కి వచ్చింది. అత్తగారు సంతోషించారు. తాతల కాలం నాటి షేరు పత్రాలను అద్దం కట్టించి గోడకు పెట్టుకున్న కుటుంబాలకూ డబ్బు అందింది, వాళ్ల గోడ మీద కాగితం మాత్రం ఉత్త కాగితమైపోయింది. షేర్లు లేవు కాబట్టి ఫ్యాన్‌షేర్ ముగిసిపోయింది. పెట్టుబడిగా నాలుగున్నర నక్షత్రాలు, పలుకుబడిగా ఒకటి. ఆ ఒకటీ 30 లక్షల ప్రశ్నకు.

మరుసటి ఏడాది దక్షిణ లండన్‌లోని టూటింగ్‌కు మారాం. ఇడ్లీ, దోసె దొరికే వీధి, పిల్లవాడి బడి, రెండూ నడక దూరంలోనే. కాస్త ఎక్కువ నడిస్తే వాండిల్ నది, దాని దగ్గర ప్లౌ లేన్‌లో వింబుల్డన్ జట్టుకు అప్పుడు కొత్త స్టేడియం కడుతున్నారు. దాని కథ పాల దుకాణం దగ్గర పరిచయమైన ఒక అభిమాని చెప్పాడు. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్ఏ కప్పు గెలిచిన వింబుల్డన్ జట్టును యజమానులు మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామంటే, 2002 మే 28న ఫుట్‌బాల్ అసోసియేషన్ వేసిన ముగ్గురు సభ్యుల సంఘం 2–1తో సరేనంది. దక్షిణ లండన్ నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరం! అభిమానులు కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత జట్టు పెట్టుకున్నారు. బయలు మైదానంలో ఎంపిక పోటీలు పెట్టి ఆటగాళ్లను ఏరుకున్నారు. అడుగున ఉన్న స్థానిక లీగు నుంచి తొమ్మిది సీజన్లలో ఐదుసార్లు పైకెక్కి 2011లో దేశస్థాయి వృత్తి క్లబ్బులు ఆడే ఫుట్‌బాల్ లీగులోకి వచ్చారు.

ఈ క్లబ్బులో ఓటు హక్కుల్లో అత్యధిక భాగం డాన్స్ ట్రస్టుది. ట్రస్టులో మనిషికి ఒక ఓటు. నేను ఏటా కట్టే రుసుము ఒక్క ఆట టికెట్టుకు అటూ ఇటూ ఉంటుంది. దానికి లాభం అడగకండి, అది పెట్టుబడి కాదు. బోర్డు సభ్యులను ఎన్నుకుంటాను, పెద్ద నిర్ణయాలు మా ముందుకు వస్తాయి. స్టేడియానికి డబ్బు చాలక బయటివాళ్లను తెచ్చుకోవాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అభిమానులు బాండ్లు ముందుకు తెచ్చారు. 2020 మొదట్లో 50 లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఆ బాండు కాగితం చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. వడ్డీ సున్నా నుంచి నాలుగు శాతం వరకు ఎంత కావాలో అప్పిచ్చేవాడే ఎంచుకోవాలి! నా ఉద్యోగ జీవితంలో అలాంటి పత్రం మళ్లీ చూడలేదు. 2020 నవంబరు 3న మొదటి ఆట జరిగింది. కరోనా వల్ల చూడటానికి అభిమాని ఒక్కడూ లేడు.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. డబ్బు ఎప్పుడూ చాలదు. 2024 సెప్టెంబరులో వాండిల్ పొంగి మైదానంలో గొయ్యి పడింది, న్యూకాజిల్‌తో ఇక్కడ జరగాల్సిన కప్పు ఆటను వాళ్ల మైదానానికే మార్చారు. జేబులోంచి చెక్కు తీసి రాసే యజమాని ఇక్కడ లేడు. అభిమానులే పారలు, విరాళాలు పట్టుకుని వచ్చారు. ఆ సీజను చివరికి వెంబ్లీలో వాల్సల్‌ను 1–0తో ఓడించి పై డివిజన్‌కు వెళ్లారు. అయినా అన్నిటికన్నా పైనున్న ప్రీమియర్ లీగు ఆశలతో చేరేవాళ్లకు ఇది సరిపడదు.

ఇంకో హెచ్చరిక. సగం కన్నా తక్కువ వాటా అందంగా కనిపిస్తే వేల్స్‌లోని స్వాన్సీ క్లబ్బును చూడండి. అక్కడి ట్రస్టుకు 21 శాతం ఉండేది. 2016లో మిగతా పెద్ద వాటాదారులు అమెరికన్లకు అమ్ముకున్నప్పుడు తమను చర్చల్లోకి రానివ్వలేదని ట్రస్టు వాపోయింది. పోర్ట్స్‌మత్ క్లబ్బు దారి ఇంకొకటి. 2013లో అభిమానులే క్లబ్బును కొన్నారు, 2017లో వాళ్లే ఓటేసి డిస్నీ సంస్థ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్‌కు అమ్మేశారు. దాన్ని నేను ఓటమి అనను. అమ్మాలా వద్దా అని వాళ్లను అడిగారు.

మా ఆయన ఇప్పటికీ ఆర్సెనలే. వింబుల్డన్ ట్రస్టు ఎన్నికల కాగితాలు వచ్చినప్పుడల్లా నా భుజం మీదుగా చదివి, ఈయనకు వెయ్యి, ఆవిడకు వద్దు అంటూ ఉంటారు. "ఏమండీ, మీకు ఓటు లేదు కదా" అంటాను. ఈసారి సభ్యత్వ దరఖాస్తు ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో తగిలించాను. మూడు వారాలైంది. నిన్న చూస్తే పేరు, చిరునామా నింపి ఉన్నాయి. సంతకం ఇంకా లేదు.