పాత జీపుకు ప్యూజో ఇంజనా, డీఐ ఇంజనా?

మహీంద్రా ఎంఎం 540 జీపుకు ఇంజన్ మార్చాల్సి వస్తే ముందు గుర్తొచ్చేవి రెండు: బండితో వచ్చిన 2112 సీసీ ప్యూజో (ఫ్రెంచ్ కంపెనీ డిజైన్), 2523 సీసీ మహీంద్రా డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్). రెండూ డీజిలే.

ప్యూజోలో డీజిల్ ముందు హెడ్‌లోని (సిలిండర్ల మీది మూతలోని) చిన్న గదిలో అంటుకుని, ఆ మంట సిలిండర్‌లోకి వస్తుంది. అందుకే చప్పుడు మెత్తగా ఉంటుంది. కానీ చలికాలం పొద్దున్నే తాళం తిప్పి, హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి. ఒక్క ప్లగ్ పోయినా తెల్లపొగ కక్కుతూ, కుంటుతూ స్టార్టవుతుంది.

డీఐకి ఆ టెన్షన్ లేదు. డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది, వేడి వృథా తక్కువ, మైలేజీ మెరుగు. పైగా స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, 101.6 మిల్లీమీటర్లు, ప్యూజోకి 83 మాత్రమే. అందుకే నెమ్మదిగా తిరుగుతున్నా లాగుడు బాగుంటుంది. రాళ్ల ఎత్తులో లో గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలితే, ఇంజన్‌ను అరిపించకుండానే బండి పాకుతూ ఎక్కేస్తుంది. దడ మాత్రం స్టీరింగ్ దాకా వస్తుంది, అది భరించాల్సిందే.

అడవి దారులకైతే నా ఓటు డీఐకే. బండిని పుట్టినట్టే ఉంచుకోవాలని ఉండి, ఇంజన్ బ్లాక్ బాగుంటే ప్యూజోకే బోరింగ్ (అరిగిన సిలిండర్లను మళ్లీ కోయించడం) చేయించండి. ఏ ఇంజన్ మార్చినా ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆర్సీలో కొత్త ఇంజన్ నంబర్ ఎక్కించుకోండి.