బ్రిడ్జి కోసం పన్ను తగ్గిస్తుంటే బర్ (పన్ను కోసే సన్న పనిముట్టు) ఊడి పేషెంట్ నాలుక మీద పడింది, హ్యాండ్‌పీస్ (బర్‌ని తిప్పే చేతి డ్రిల్) సెట్ కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

ఆఫర్‌లో వస్తోంది కదా అని గాలితో తిరిగే ఎయిరోటర్, తల వంగి ఉండే కాంట్రా యాంగిల్, స్ట్రెయిట్ హ్యాండ్‌పీస్, ల్యాబ్‌లో వాడే మైక్రోమోటర్ అన్నీ కలిపి ఒకే సెట్‌గా తీసుకుందామనుకుంటున్న డాక్టర్లు, ల్యాబ్ వాళ్ళు దయచేసి ఐదు నిమిషాలు ఆగండి. నేను సరిగ్గా అలాగే కొన్నా. నాలుగు నెలలు తిరక్కుండానే బ్రిడ్జి ప్రెప్ (లేని పంటికి బదులు పెట్టే వరస కోసం పక్క పళ్ళు తగ్గించడం) మధ్యలో బర్ ఊడి పేషెంట్ నాలుక మీద పడింది. దేవుడి దయ వల్ల ఆయనకి ఏమీ కాలేదు, కానీ నాకు మాత్రం రెండు రోజులు నిద్ర పట్టలేదు.

నాకు క్రౌన్లు (పంటి తొడుగులు), బ్రిడ్జిల పనే ఎక్కువ. పక్క గదిలోనే చిన్న ల్యాబ్ ఉంది, అక్కడ డెంచర్ (కట్టుడు పళ్ళ సెట్) ట్రిమ్మింగ్, పాలిషింగ్ మా టెక్నీషియన్ చూసుకుంటాడు. పాత ఎయిరోటర్లు అరిగిపోయాయి, కొత్తవి కావాల్సి వచ్చింది. అప్పుడే ఒక సెల్లర్ బాక్స్ తెరిచి చూపించాడు, ఎల్ఈడీ లైట్, సిరామిక్ బేరింగ్, నిమిషానికి 4 లక్షల చుట్లు, విడిగా కొంటే అయ్యే దాంట్లో సగం ధర. ఆ 4 లక్షలు అన్న మాట దగ్గరే పడిపోయా నేను. అది వట్టి గాలిలో తిరిగేటప్పటి లెక్క, పంటి మీద ఆనించాక ఏ ఎయిర్ టర్బైన్ అయినా దాదాపు సగానికి పడిపోతుంది అని కాలేజీలో చదువుకున్న మాటే, అయినా ఆ క్షణంలో గుర్తు రాలేదు. అతన్ని అడగాల్సింది స్పీడ్ కాదు, లోడ్ మీద ఎంత బలం నిలుస్తుంది, తల లోపలి చక్ బర్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుంది, తల లోపల తిరిగే భాగం, అంటే కార్ట్రిడ్జ్, విడిగా దొరుకుతుందా అనే మూడు ప్రశ్నలు. ఒక్కటీ అడగలేదు.

మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెలలో ఒక జిర్కోనియా క్రౌన్ తీయాల్సి వచ్చింది, కొంచెం ఒత్తితే చాలు బర్ ఆగిపోతోంది, పెడల్ మీంచి కాలు తీసి మళ్ళీ తొక్కాలి, మళ్ళీ ఆగిపోతుంది. సెల్లర్‌కి ఫోన్ చేస్తే చైర్ దగ్గర ఎయిర్ ప్రెషర్ కొంచెం పెంచండి డాక్టర్ గారూ అన్నాడు. దయచేసి ఈ సలహా ఎవరిచ్చినా వినకండి. మామూలుగా చాలా ఎయిరోటర్లకి 30 నుంచి 40 పీఎస్ఐ మధ్యలో ఎంత పెట్టాలో తయారీదారే రాసి ఉంటాడు, అంతకి మించి పెడితే బలం పెద్దగా పెరగదు, బేరింగ్ మాత్రం తొందరగా పోతుంది. అదీ కాక చైర్ మీద మీటర్ చూపించేది ఒకటి, ట్యూబ్ చివర హ్యాండ్‌పీస్‌కి అందేది ఇంకొకటి. ట్యూబ్‌కీ హ్యాండ్‌పీస్‌కీ మధ్య పెట్టి చూసే చిన్న గేజ్ ఉంటుంది, నేను అది తర్వాత కొనుక్కున్నా, ముందే కొనాల్సింది.

అసలు మొదటి హెచ్చరిక మా టెక్నీషియన్ ఇచ్చాడు, నేనే పట్టించుకోలేదు. ఒక రోజు డై (కోసిన పంటి నమూనా) పట్టుకుని వచ్చి మేడమ్, మార్జిన్ (క్రౌన్ అంచు కూర్చునే చోటు) ఎక్కడుందో గీత పెట్టలేకపోతున్నా, మెట్లు మెట్లుగా ఉంది అన్నాడు. లూప్స్ (భూతద్దాల కళ్ళజోడు) పెట్టుకుని చూస్తే నిజమే, షాంఫర్, అంటే మార్జిన్ దగ్గర చెక్కిన వంపు, నున్నగా ఒక వరసలో పోకుండా రంపం పళ్ళలా ఉంది. నా చెయ్యి వణికిందేమో, లేదా బర్ పాతదేమో అనుకున్నా. కొత్త బర్ పెట్టినా అంతే. బేరింగ్ వదులై బర్ మొన ఊగుతోందన్నమాట. పొడవాటి సన్న బర్ పెట్టి బాగా తక్కువ స్పీడ్‌లో తిప్పి చూడండి, మొన ఒక్క చుక్కలా నిలబడాలి, రెండు గీతల్లా కనపడిందంటే దానితో మార్జిన్ ఫినిష్ చేయకూడదు.

ఇక ఆ రోజు సంగతి. కింది దవడలో మొదటి మోలార్ లేదు, అటూ ఇటూ ఉన్న రెండో ప్రీమోలార్, రెండో మోలార్ పట్టుకుని బ్రిడ్జి. ప్రీమోలార్ చెంప వైపు తగ్గిస్తున్నా. ఉన్నట్టుండి శబ్దం మారింది, సన్నటి ఈల లాంటిది గరగరగా అయింది, అదేంటా అనుకునేలోపు బర్ తల నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు జారి మొన చిగురు కిందకి దిగిపోయింది. కాలు తీసేశా. హ్యాండ్‌పీస్ పైకి ఎత్తుతుంటే బర్ పూర్తిగా ఊడి నాలుక మీద పడింది. ఆ రోజు ట్వీజర్స్ చేతిలో ఉన్న అసిస్టెంట్ అమ్మాయి క్షణం ఆలస్యం చేయకుండా తీసేసింది, ఆమెకి ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. పేషెంట్‌కి మత్తు ఉంది, ఏం పడిందో కూడా తెలియలేదు. అదే మింగేసి ఉంటే? ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉంటే ఎక్స్‌రే, బ్రాంకోస్కోపీ, ఆయన ఇంట్లో వాళ్ళకి నేనేం చెప్పేదాన్ని? జరిగింది ఆయనకి దాచకుండా చెప్పా. దిగిన గాటు వల్ల ఆ పంటి మార్జిన్ అనుకున్న దానికంటే కిందకి తీసుకెళ్ళాల్సి వచ్చింది, చిగురు పక్కకి జరిపే కార్డ్ (దారం) పెట్టి ఇంప్రెషన్ (అచ్చు) రెండుసార్లు తీశా.

సాయంత్రం క్లినిక్ మూసేశాక ఆ ఎయిరోటర్ ముందేసుకుని కూర్చున్నా. కొత్త బర్ చక్‌లో చివరిదాకా దూర్చి, తల అంచు దగ్గర బర్ కాడ మీద పర్మనెంట్ మార్కర్‌తో సన్న గీత పెట్టా. తీసేసిన పాత పన్ను ఒకటి పట్టుకుని క్రౌన్‌కి కోసినట్టే కోశా. పని అయ్యేసరికి గీతకీ తలకీ మధ్య మిల్లీమీటరున్నర ఖాళీ. అంటే చక్ పట్టు వదిలేసింది, ప్రతి పేషెంట్‌కీ కొంచెం కొంచెంగా జారుతూనే ఉంది, నేను గమనించలేదు. ఎయిరోటర్‌లో వాడే ఎఫ్‌జీ రకం బర్ కాడ 1.6 మిల్లీమీటర్లు, ఆ సన్న కాడని పట్టుకునే చక్ మెటల్ మెత్తగా ఉన్నా, బర్ కాడ కొలత తక్కువ ఉన్నా ఇదే జరుగుతుంది. తిరుగుతున్నప్పుడు బటన్ నొక్కినా, చక్ క్లీన్ చేయకపోయినా అంతే. మేము ఆటోక్లేవ్‌కి (ఆవిరితో క్రిములు చంపే మిషన్) ముందు ఆయిల్ కొట్టడం ఒక్కరోజు కూడా మానలేదు, కాబట్టి తప్పు మెయింటెనెన్స్‌ది అంటే నేను ఒప్పుకోను.

సెల్లర్‌కి వీడియో తీసి పంపా. వారంటీ బాడీకే మేడమ్, కార్ట్రిడ్జ్ వారంటీలో రాదు అన్నాడు. సరే కార్ట్రిడ్జ్ అమ్మండి అంటే ఆ మోడల్ ఆగిపోయిందట. కొని నాలుగు నెలలే! ఎయిరోటర్‌లో అరిగేదే కార్ట్రిడ్జ్, చక్ ఉండేదే దాంట్లో, దానికే వారంటీ లేదంటే ఇక దేనికి ఉన్నట్టు? వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ పట్టుకొచ్చి చూశా, పట్టినట్టే ఉంది కానీ వెనక మూత సరిగ్గా బిగుసుకోదు. బాడీ మీద సీరియల్ నంబర్ అనుకున్నది చూస్తే రెండు ఎయిరోటర్ల మీదా ఒకటే నంబర్. ఇది కొనే రోజే చూసుకోవాల్సింది, రెండు నిమిషాల పని.

మిగతావి కూడా చెప్తా. ఎల్ఈడీ ఆటోక్లేవ్‌లో పెట్టిపెట్టి మసకబారింది. మా ట్యూబ్ నాలుగు హోల్స్‌ది, వచ్చినవి రెండు హోల్స్‌వి, అడాప్టర్ ఇచ్చాడు, అది కారుతుంది.

డెంచర్ పని చేసేవాళ్ళు ల్యాబ్ మైక్రోమోటర్ సంగతి జాగ్రత్తగా చూడండి. బాక్స్ మీద నిమిషానికి 35,000 చుట్లు అని ఉంది. అక్రిలిక్ ట్రిమ్ చేసేటప్పుడు అంత స్పీడ్ ఎవరికి కావాలి, ఎక్కువ తిప్పితే అక్రిలిక్ వేడెక్కి మెత్తబడి బర్‌కి అంటుకుంటుంది. కావాల్సింది తక్కువ స్పీడ్‌లో ఒత్తినా ఆగని టార్క్, ఆ అంకె బాక్స్ మీద ఎక్కడా లేదు. మా టెక్నీషియన్ 10,000 దగ్గర పెట్టి పెద్ద కార్బైడ్ బర్‌తో కింది డెంచర్ నాలుక వైపు అంచు తగ్గిస్తుంటే మోటర్ మూలిగేది, ఆగేది, ఒక్కసారిగా దూకేది. ఆ దూకుడుకి అంచు మీద అలలు అలలుగా గుర్తులు పడ్డాయి, పాలిష్‌కి రెట్టింపు టైమ్. పది నిమిషాలకి హ్యాండ్‌పీస్ ముందు భాగం పట్టుకోలేనంత వేడి. విప్పి చూస్తే బర్‌ని పట్టే కొలెట్‌లో అక్రిలిక్ పొడి గట్టిగా పేరుకుపోయి ఉంది, దుమ్ము లోపలికి పోకుండా ఆపే సీల్ సరిగ్గా లేదు. 2.35 మిల్లీమీటర్ల కాడ అందులో గట్టిగా కూర్చోవట్లేదు, వేలితో కదిపితే కదులుతోంది.

మరి ఏం కొనాలి అంటే, క్రౌన్, బ్రిడ్జి పని ఎక్కువ ఉన్నవాళ్ళకి ఎలక్ట్రిక్ మోటర్, దానికి ఎర్ర గీత ఉన్న 1:5 కాంట్రా యాంగిల్ మేలని ఇప్పుడు నా అభిప్రాయం. మోటర్ 40,000 తిరిగితే బర్ 2 లక్షలు తిరుగుతుంది, వినడానికి తక్కువే కానీ ఒత్తినా అలాగే తిరుగుతుంది, స్పీడ్ తగ్గించుకుని మార్జిన్ నున్నగా ఫినిష్ చేసుకోవచ్చు. చేతికి బరువు తెలుస్తుంది, అది నిజం. ఇందులోనూ చవక దాని జోలికి పోకండి, లోపల గేర్లు, బేరింగ్ అరిగితే తల విపరీతంగా వేడెక్కుతుంది, మత్తులో ఉన్న పేషెంట్‌కి పెదవి కాలుతున్నా తెలియదు, పట్టుకున్న మనకీ తెలియదు. 2007లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ కాలిన గాయాల మీదే డాక్టర్లకి హెచ్చరిక ఇచ్చింది. ఎయిరోటరే కావాలంటే అదీ మంచిదే, కానీ కార్ట్రిడ్జ్ పార్ట్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి, ఒక స్పేర్ కార్ట్రిడ్జ్ అదే రోజు చేతికి ఇస్తేనే డబ్బు కట్టండి. ఇవ్వలేను అంటే లేచి వచ్చేయండి. హ్యాండ్‌పీస్ బాడీ మీద 134 లేదా 135 డిగ్రీల ఆటోక్లేవ్ గుర్తు చెక్కి ఉందో లేదో చూడండి. ల్యాబ్ మోటర్ అయితే మీ బర్, పాత డెంచర్ ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళి అక్కడే తక్కువ స్పీడ్‌లో గట్టిగా ఒత్తి చూడండి.

ఆ రెండు ఎయిరోటర్లూ ఎవరూ పొరపాటున వాడకుండా ట్యూబ్ నుంచి తీసి డ్రాయర్‌లో పడేశా. ఇప్పుడున్న వాటికి కూడా వారానికోసారి మార్కర్ గీత పెట్టి చూస్తున్నా. మీ దగ్గర ఇలాంటి సెట్ ఇప్పటికే ఉంటే, రేపు మొదటి పేషెంట్ చైర్‌లో కూర్చునే లోపు ఒక్కసారి గీత పెట్టి చూడండి ప్లీజ్. జారితే ఆ రోజు అపాయింట్‌మెంట్ వాయిదా వేసేయండి, పేషెంట్‌కి నేనే చెప్పాల్సి వచ్చినా చెప్తా.