ఐస్‌లాండ్ పిల్లలకు ఇంగ్లిష్‌లో విశ్వం: బట్టీ, వీడియోలు, మాట విప్పడం... ఏది మేలు?

"అక్కా, మావాడు బడిలో సైన్సంతా ఐస్‌లాండిక్‌లోనే చదువుతున్నాడు. రేపు యూనివర్సిటీకి వెళితే పుస్తకాలు చాలావరకు ఇంగ్లిష్‌లో ఉంటాయంటున్నారు. ఆ మాటలన్నీ ఇప్పటినుంచే నేర్పించాలంటే ఏం చేయమంటారు?"

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో నాకు తెలిసిన తెలుగు ఇళ్లు కొన్నే. ఏ ఇంటికి భోజనానికి వెళ్లినా చేతులు కడుక్కునేలోపు ఈ ప్రశ్న వస్తుంది. ఈ మధ్య ఆఫీసులో ఐస్‌లాండ్ తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతున్నారు. రెండు చలికాలాలుగా శనివారం పూట నలుగురు పిల్లలను మా వంటింటి బల్ల చుట్టూ కూర్చోబెట్టి నక్షత్రాలు, గ్రహాలు, పరమాణువుల గురించి ఇంగ్లిష్‌లో చెబుతున్నాను. వాళ్లలో ఒకతె మా అమ్మాయే, ఎనిమిదో తరగతి. మాటల జాబితా బట్టీ పట్టించాను, వీడియోలు చూపించాను, ఒక్కో మాటను విప్పి చూపించాను. మూడూ చేశాక ఇది రాస్తున్నాను. ఐస్‌లాండిక్ మాటలను చెవికి వినిపించినట్టు తెలుగులో రాశాను, కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఐస్‌లాండ్ వాళ్లు సైన్సు మాటలను బయటినుంచి తెచ్చుకోవడానికి అంతగా ఇష్టపడరు, సొంతంగా కట్టుకుంటారు. జర్మన్ పిల్లాడికి ఎలక్ట్రాన్, ఫోటాన్, ప్లానెట్ దాదాపు అవే మాటలు కాబట్టి ఇంగ్లిష్ పుస్తకం తెరిచేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. ఇక్కడి పిల్లలకు ఎలక్ట్రాన్ అంటే రావ్‌ఎయిన్ద్, ఫోటాన్ అంటే ల్యోస్‌ఎయిన్ద్, ప్లానెట్ అంటే రేకిస్త్యార్ద్న. ఒక్క అక్షరం కలవదు. ఇది నిన్న మొన్నటి పట్టింపు కూడా కాదు. యోనాస్ హాల్‌గ్రిమ్సన్ అనే కవి 1842లో ఉర్సిన్ అనే డేనిష్ ఖగోళ శాస్త్రవేత్త పుస్తకాన్ని అనువదిస్తూ, ఆకర్షణ శక్తికీ దీర్ఘవృత్తానికీ కొత్త మాటలు పుట్టించాడు. బడి పిల్లలు వాటిని ఇప్పటికీ వాడుతున్నారు. ఆయన పుట్టిన రోజు నవంబర్ 16నే ఈ దేశంలో భాషా దినోత్సవం జరుపుతారు. ఒక కవి కూర్చిన మాటలతో పిల్లలు గ్రహాల దారుల గురించి చదవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. అందుకే "ఐస్‌లాండిక్ మాటలు మానేసి మొదటినుంచీ ఇంగ్లిష్ మాటలే చెప్పేస్తే పోలా" అని ఎవరైనా అంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ముందు బట్టీ సంగతి. ఎడమ పక్క ఐస్‌లాండిక్, కుడి పక్క ఇంగ్లిష్, రోజుకు పది మాటలు. వచ్చే వారం పరీక్ష ఉంటే ఇంతకు మించిన దారి లేదు. బ్లాక్ హోల్, లైట్ ఇయర్ లాంటివైతే ఐస్‌లాండిక్‌లో కూడా అచ్చంగా నల్ల రంధ్రం, కాంతి ఏడాది అనే ఉంటాయి కాబట్టి ఒక్కసారి చెబితే చాలు. పెద్ద అంకెలు మాత్రం తప్పకుండా బట్టీ పట్టించాలి. ఐస్‌లాండిక్‌లో వంద కోట్లను మిల్యార్దుర్ అంటారు. బిల్యోన్ అంటే దానికి వెయ్యి రెట్లు, లక్ష కోట్లు. ఇంగ్లిష్‌లో బిలియన్ అంటే వంద కోట్లే. విశ్వం వయసు 13.8 బిలియన్ సంవత్సరాలు, అంటే మన లెక్కలో 1,380 కోట్లు. మా బల్ల దగ్గర ఒక అబ్బాయి దాన్ని 13.8 బిల్యోన్ అని ఐస్‌లాండిక్‌లో రాసుకున్నాడు. విశ్వానికి ఒక్క దెబ్బతో వెయ్యి రెట్లు వయసు పెరిగింది. ఇక్కడ విప్పి చూపించడానికి ఏమీ లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఒక మాటకు ఒకే మాట సరిపోని చోట జాబితా దెబ్బతింటుంది. స్పేస్ అనేదే చూడండి. రాకెట్ వెళ్లే స్పేస్ గేముర్. ఐన్‌స్టీన్ చెప్పిన స్పేస్‌టైమ్‌లోని స్పేస్ రూమ్, దానికి కాలాన్ని కలిపితే తీమారూమ్. జాబితాలో స్పేస్ ఎదురుగా గేముర్ అని మాత్రమే రాసుకున్న పిల్లకు, స్పేస్ వంగుతుందన్న వాక్యం చదివితే ఏం అర్థమవుతుంది? ఇంకోటి స్త్యోర్ద్నుథోకా, అక్షరాలా నక్షత్రాల పొగమంచు. జాబితాలో దాని పక్కన నెబ్యులా అని ఉంటుంది, అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘం. కానీ పాత అలవాటు కొద్దీ ఆండ్రోమెడా గెలాక్సీని కూడా ఇక్కడ పొగమంచు అనే అంటుంటారు. ఒకప్పుడు ప్రపంచమంతా అలాగే అనేది. అది మన పాలపుంతకు అవతల ఉన్న వేరే గెలాక్సీ అని 1920ల్లో ఎడ్విన్ హబుల్ తేల్చాకే సంగతి మారింది. దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీని మా పిల్లలు ఇంగ్లిష్‌లో ధీమాగా నెబ్యులా అనేశారు. తప్పు వాళ్లది కాదు, జాబితాది.

వీడియోల సంగతి వేరు. ఇక్కడి పిల్లలకు ఇంగ్లిష్ కొత్త కాదు. ఆటలు, సినిమాలు, యూట్యూబ్ అన్నీ అందులోనే, గడగడా మాట్లాడేస్తారు. దాంతో తల్లిదండ్రులు "మావాడికి ఇంగ్లిష్ వచ్చు కదా, సైన్సు మాటలూ అవే వస్తాయి" అనుకుంటారు. రావు. మా అమ్మాయి ఒక గంట వీడియో చూసి ఆర్బిట్ అనాల్సిన చోట "ఆ చుట్టూ తిరిగే దారి" అని ఇంగ్లిష్‌లో చక్కగా చెప్పింది. మాట రాకపోయినా పని జరిగిపోతుంది కాబట్టి మాట ఎప్పటికీ రాదు. ఒక్క ఉచ్చారణకు మాత్రం వీడియోను మించింది లేదు. ఐస్‌లాండిక్‌లో నొక్కు సాధారణంగా మాట మొదట్లోనే పడుతుంది. ఇంగ్లిష్‌లో అది ఊరూరా తిరుగుతుంది: ఆస్ట్రోనాట్‌లో మొదట, ఆస్ట్రానమీలో రెండో చోట, ఆస్ట్రనామికల్‌లో మూడో చోట. ఇది చెబితే రాదు, వింటేనే వస్తుంది. అందుకే మాట నేర్చుకున్నాక వీడియో చూపిస్తాను, ముందు మాత్రం చూపించను.

ఫోన్‌లో అనువాదం చేసే యాప్‌లు సరే, హోంవర్క్ గడిచిపోతుంది. నేర్చుకోవడానికి అవి లెక్కలోకి రావు.

ఇక మాటను విప్పడం. నా మొగ్గు దీనివైపే, దాచుకోను. కారణం ఒక శనివారం జరిగింది.

ఎలక్ట్రాన్ దగ్గర ఆగాం. రావ్‌ఎయిన్ద్‌ను రెండు ముక్కలు చేయమన్నాను. ఎయిన్ద్ అంటే విడిగా ఉన్న ఒక కణం, అది అందరికీ తెలుసు. రావ్ అంటే ఏంటి అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయి స్నేహితురాలు, "మా అమ్మమ్మ మెడలో వేసుకుంటుందే, తేనె రంగు రాయి, అదేగా రావ్" అంది. అంబర్. చెట్టు బంక కోట్ల ఏళ్లు భూమిలో ఉండి రాయిలా గట్టిపడినది. కరెంటును వీళ్లు రావ్‌మాగ్న్ అంటారు, అంటే అంబర్ శక్తి. రోజుకు పదిసార్లు ఆ మాట అంటున్నా అందులో అమ్మమ్మ దండ ఉందని ఆ పిల్లకు అప్పటిదాకా తట్టలేదు.

మరుసటి వారం అమ్మమ్మను అడిగి ఆ దండ తెచ్చింది. ఇక్కడ ఇంటింటా ఉండే ముతక ఉన్ని స్వెటర్, లోపాపేసా, తొడుక్కుని ఉంది. ఒక పూసను ఆ స్వెటర్ చేతికేసి గట్టిగా రుద్దింది. నేను కాగితాన్ని నువ్వు గింజంత ముక్కలుగా చింపి బల్ల మీద పోశాను. పూస దగ్గరికి తేగానే రెండు ముక్కలు లేచి దానికి అతుక్కున్నాయి. నలుగురూ తలలు ఆనించి చూస్తున్నారు. అప్పుడు చెప్పాను: గ్రీకులో అంబర్‌ను ఎలెక్ట్రాన్ అంటారు, ఇలా రుద్దితే ఇలా లాగుతుందని రెండు వేల ఏళ్ల కిందే గమనించారు, ఇంగ్లిష్ మాట అక్కడినుంచే వచ్చింది, మీవాళ్లు ఆ అర్థాన్నే తీసుకుని మీ భాషలో కట్టారు. ఆ రోజు తర్వాత ఎలక్ట్రాన్, ఎలక్ట్రిక్, ఎలక్ట్రానిక్స్ వేటినీ నేను మళ్లీ నేర్పలేదు.

అసలు రహస్యం ఇదే. ఐస్‌లాండిక్ మాట అర్థాన్ని పైకి కనిపించేలా పెట్టుకుంటుంది. ఇంగ్లిష్ మాటలో అదే అర్థం గ్రీకులోనో లాటిన్‌లోనో దాక్కుని ఉంటుంది. చాలా చోట్ల ఆ రెండూ ఒకటే. ల్యోస్ అంటే వెలుగు, గ్రీకులో ఫోస్ అన్నా వెలుగే, ఫోటాన్ తేలిపోయింది. రేకిస్త్యార్ద్న అంటే తిరుగాడే నక్షత్రం, గ్రీకులో ప్లానెట్ కూడా తిరుగాడేదే. గ్రావిటీకి ఇక్కడి మాట థింగ్దరాప్ల్‌లో బరువు ఉంది, గ్రావిటీలోని లాటిన్ మాట గ్రావిస్‌కూ బరువనే అర్థం. పిల్లలకు సగం సామాను ఇంట్లోనే ఉంది, తాళం తీయడమే మన పని.

మనవాళ్లకు ఇది ఇంకా త్వరగా అర్థమవుతుంది. హైడ్రోజన్ ఇక్కడ వెత్ని, నీళ్లనుంచి కట్టిన మాట. ఆక్సిజన్ సూరెప్ని, పులుపు పదార్థం. పాత తెలుగు మీడియం పుస్తకాల్లో ఉదజని, ఆమ్లజని అని చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? అచ్చం అవే. నీటిని పుట్టించేది, ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ పొరబడి పెట్టిన పేరది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. ఆ పొరపాటు అలాగే ఐస్‌లాండ్‌కూ వచ్చింది, మన ఊళ్లకూ వచ్చింది.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ క్లాసులో మొమెంటమ్, ఇనర్షియా అని వినబడుతుంటే కాళ్లు చల్లబడేవి. ద్రవ్యవేగం నాకు తెలుసు, జడత్వం తెలుసు. ఇవి అవేనని తెలిసేసరికి దీపావళి దాటింది. అన్ని నెలల టెన్షన్ ఈ పిల్లలకు ఉండకూడదనే నా తాపత్రయం.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. డార్క్ మ్యాటర్‌ను ఇక్కడ హుల్దుఎప్ని అంటారు, దాగి ఉన్న పదార్థం. ఐస్‌లాండ్ కథల్లో బండరాళ్లలో మనుషుల కంటపడకుండా బతికే హుల్దుఫోల్క్ ఉంటారు, ఆ హుల్దునే ఇది. తెలుగు పిల్లాడు "డార్క్ అంటే నల్లగా ఉంటుందా ఆంటీ?" అని అడిగితే, ఐస్‌లాండ్ పిల్ల "కాదు, ఉంటుంది కానీ కనబడదు" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. అది వెలుగును ఇవ్వదు, పీల్చుకోదు, దాని లాగుడు మాత్రం తెలుస్తుంది. విశ్వంలో మనకు తెలిసిన మామూలు పదార్థం దాదాపు 5 శాతమే, ఈ దాగి ఉన్నది 27 శాతం దాకా ఉంది. ఇక్కడ ఇంగ్లిష్ మాట కంటే ఐస్‌లాండిక్ మాటే సైన్సుకు దగ్గరగా ఉంది. అలాంటి మాటను పక్కన పెట్టి ఇంగ్లిష్ నేర్పితే పిల్లలకే నష్టం.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. గంటకు ఐదు మాటలకు మించి జరగవు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు విసుగు. కొన్ని మాటలు విప్పితే దారి తప్పిస్తాయి: ఆస్ట్రోనాట్‌లోని నాట్ గ్రీకులో నావికుడు, ఐస్‌లాండిక్‌లో అదే అక్షరాలతో ఉన్న మాటకు అర్థం పశువు. మా పిల్లలు నక్షత్రాల ఎద్దు బొమ్మ గీసి పెట్టుకున్నారు. లేజర్‌ను ఇక్కడ లేసిర్ అంటారు, శబ్దం కలిసింది కానీ లోపల ఉన్నది విప్పడం అనే క్రియ. ఇంగ్లిష్‌లో లేజర్ ఐదు మాటల మొదటి అక్షరాల కూర్పు. రెండింటికీ సంబంధం లేదు. ఇలాంటివి నేరుగా జాబితాలో వేసేస్తాను.

అడిగిన అక్కచెల్లెళ్లకు నేను చెప్పేది ఇది. పిల్లాడు ఏడో తరగతి దాటితే వారానికి ఐదు మాటలు విప్పండి, అంకెలు మాత్రం బట్టీ పట్టించండి, ఉచ్చారణకు ఆ మాటలున్న వీడియో ఒకటి చూపించండి. మీకు ఐస్‌లాండిక్ రాకపోయినా ఫర్వాలేదు. "ఈ మాటలో ఏమేం ముక్కలున్నాయి నాన్నా?" అని అడగండి, వాడే చెబుతాడు.

మా బల్ల దగ్గర ఈ శనివారం నెబ్యులా ఉంది. థోకా అంటే పొగమంచు, లాటిన్‌లో నెబ్యులా అన్నా అదే. ఆకాశం తెరిపి ఇస్తే భోజనాలయ్యాక బైనాక్యులర్ పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్దామనుకుంటున్నాం. ఓరియన్ నడుము దగ్గర వరసగా మూడు చుక్కలుంటాయి. వాటిని ఇక్కడివాళ్లు పశువుల కొట్టంలో పనిచేసే ఆడవాళ్లు అంటారు, మా నాయనమ్మ గొల్లకావిడి అనేది. వాటికి కాస్త కిందుగా చిన్న మసక ఉంటుంది. అది నిజంగానే నెబ్యులా, దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరం.